కట్టె గాజు

"సైన్సు విద్యార్థివి గదా, మన సావనీరుకు ఒక సైన్సు వ్యాసం రాయి" అని సంపాదక వర్గం మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట తోచినవి అంతరిక్షం, అణుశక్తి లాంటి పెద్ద పెద్ద సంగతులు. రెండు రోజులు లైబ్రరీలో కూర్చుని నాలుగు పేజీలు రాశాను. చదివి చూసుకుంటే అందులో ఒక్క వాక్యం కూడా నాది కాదని నాకే తెలిసిపోయింది. వాటిని చించేసి, నా చేతులతో నేను చేసిన ఒక పనిని గురించి, అందులో నేను పడ్డ భంగపాటుతో సహా, ఇక్కడ రాస్తున్నాను. విషయం చాలా చిన్నది. ఐస్‌క్రీం పుల్లను వంచి చేతికి గాజు చేయడం. ఇంత చిన్న విషయమా అని తోసిపుచ్చక, గురువులూ మిత్రులూ చివరిదాకా చదువుతారని ఆశ.

పన్నెండు పుల్లలు

మాది ధర్మపురి వైపు, గోదావరి ఒడ్డుకు దగ్గరలో ఉన్న పల్లె. పాత కరీంనగర్ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి జగిత్యాల జిల్లా. ఏరు దాటితే పాత ఆదిలాబాద్. బాపు వ్యవసాయం చేస్తాడు. అవ్వ పొలం పని లేని రోజుల్లో బీడీలు చేస్తుంది. నాకొక చెల్లె, తొమ్మిదో తరగతి.

మొన్నటి దసరా సెలవులకు నేను ఇంటికి పోయేసరికి చెల్లె నాకోసం ఎదురుచూస్తూ ఉంది. సెలవులు కాంగానే వాళ్ల బడిలో వైజ్ఞానిక ప్రదర్శన. ఎక్కడో ఒక బొమ్మలో ఐస్‌క్రీం పుల్లతో చేసిన గాజు చూసిందట. పుల్ల గుండ్రంగా వంగి ఉంది, దాని మీద రంగులు, చుక్కలు. "అన్నా, నువ్వు డిగ్రీ చదువుతున్నవ్ గదా, అది ఎట్ల వంగిందో నాకు చెప్పు. నేను అందరి ముందట చేసి చూపెడత" అన్నది. అప్పటికే టీచరుకు పేరు ఇచ్చేసింది. మా అన్న చెప్తడని తోటి పిల్లలతో కూడా అనేసింది.

నేను ధైర్యంగా సరేనన్నాను. కరీంనగర్ నుంచి తెచ్చిన వెడల్పు పుల్లల ప్యాకెట్టు విప్పాం. కట్టె తడిస్తే వంగుతుంది అన్నంతవరకు నాకూ తెలుసు. ఒక గిన్నెలో చల్లనీళ్లు పోసి పది నిమిషాలు పుల్లల్ని నానేశాను. ఒకటి తీసి రెండు చేతులా పట్టి వంచాను. టప్పున విరిగింది. రెండోది, మూడోది కూడా అంతే. పన్నెండింటిలో పదకొండు విరిగినయి. పన్నెండోది కొద్దిగా వంగితే గ్లాసులో ఇరికించి పెట్టాను. తెల్లారి తీసి చూస్తే మళ్లీ తిన్నగా అయి కూర్చుంది.

చెల్లె ఏడవలేదు. విరిగిన ముక్కలన్నీ ఏరి పొయ్యి దగ్గర పెట్టింది. "డిగ్రీల గిది చెప్పరా అన్నా?" అని మాత్రం అడిగింది. ఎగతాళికి అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. అందుకే ఆ మాట గుచ్చుకుంది. ఆరు సెమిస్టర్లలో ఐదు పూర్తి కావస్తున్నాయి. రసాయన బంధాలు చదివాను, పదార్థాల స్థితిస్థాపకత చదివాను, పరీక్షలు రాశాను. కాని ఒక పుల్ల ఎందుకు విరుగుతుందో చెప్పలేకపోయాను.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మనకొక సామెత ఉంది. ఆ సామెత నాకు బాగా తెలుసు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో చేరిన ఏడు, ఇంగ్లీషులో చెప్పిన పాఠం బుర్రకెక్కక నేను నిలబడిపోతే, ఒకరు నన్ను చూసి అన్న మాట అది. పుల్లలు విరిగిన ఆ పూట అది మళ్లీ గుర్తొచ్చింది.

మేదరి తాత చెప్పిన పాఠం

మా వాడకట్టులో ఒక మేదరి తాత ఉన్నాడు. మా ఇంట్లో ఉన్న గుల్లలు, చాటలు, కోళ్ల గంప, వడ్లు పోసే గుమ్మి, అన్నీ ఆయన చేతివే. ఆ రోజు చాటకు అంచు కట్టి ఇవ్వడానికి వచ్చి, మేం చేస్తున్న పని చూసి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"పుల్ల వంచుతున్న తాతా. అన్ని ఇరుగుతున్నయ్."

ఒక విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని, విరిగిన చోట గోరుతో గీకి చూశాడు.

"పైన తడిసింది బిడ్డా, లోపల ఎండే ఉన్నది. దీనికి దూప తీరలే. ముందుగాల తాపు. మల్ల కాపు. గప్పుడు వంచు. వంచినంక ఇడిచిపెట్టకు, అది ఎన్కటిది మర్చిపోయేదాంక పట్టుకో."

"మరి నువ్వు వెదురు బద్దలను కాపవు గదా తాతా?"

"పచ్చి వెదురు దూప దాని కడుపులనే ఉంటది. ఎండింది అయితే నేను సుత నానేస్త."

ఇంతలో లోపలి నుంచి అవ్వ అందుకుంది. "తునికాకు నేను రాత్రే తడిపి మూట గట్టి పెడుత. రోజు చూస్తలేవా? పొడి ఆకు కత్తిరిస్తే పలుగుతది, చుడితే చినుగుతది."

బాపు కూడా ఊరుకోలేదు. వంకర పోయిన ముల్లుగర్రను మా తాత నిప్పుల సెగ మీద తిప్పి తిప్పి కాపి, మోకాలికి ఆనించి సాపు చేసేవాడని చెప్పాడు. అంటే, నాకు తప్ప మా ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. ఎందుకు అలా జరుగుతుందన్నది మాత్రం వాళ్లు చెప్పలేదు. ఆ వంతు నాది. సెలవుల్లో మిగిలిన రోజులు నేను దానికోసం పుస్తకాలు తిరగేశాను. ఇక అసలు పాఠంలోకి వద్దాం.

కట్టెలో ఏమున్నది

మన పల్లెల్లో తడక గోడ చూసి ఉంటారు. వెదురు బద్దలతో తడక అల్లి, దాని మీద మట్టి మెత్తుతారు. తడక గోడకు బలం ఇస్తుంది, మట్టి దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. కట్టె నిర్మాణం కూడా ఇంచుమించు అలాంటిదే.

కట్టెలో ముఖ్యంగా మూడు పదార్థాలున్నాయి. మొదటిది సెల్యులోజ్. పొడి కట్టె బరువులో సుమారు 40 నుంచి 50 శాతం ఇదే. పొడవైన దారాలుగా, క్రమంగా పేర్చినట్టు ఉంటుంది. తడకలో బద్ద లాంటిదన్న మాట. రెండోది హెమీసెల్యులోజ్, 20 నుంచి 30 శాతం. ఇవి పొట్టి పొట్టి గొలుసులు, బద్దను బద్దకు కట్టే నార లాంటివి. మూడోది లిగ్నిన్. ఇదీ ఇంచుమించు 20 నుంచి 30 శాతమే. దీనికి ఒక క్రమమంటూ లేదు. అన్ని దిక్కులకూ అల్లుకుపోయి మిగతా రెండింటినీ బిగించి పెడుతుంది. తడకకు మెత్తిన మట్టి ఇదే.

సెల్యులోజ్ దారాలు మరిగే నీళ్ల వేడికి లొంగవు. వంగడంలో కీలకమంతా నార దగ్గర, మట్టి దగ్గర ఉంది. నీళ్లు కట్టెలోకి పోయినప్పుడు హెమీసెల్యులోజ్ గొలుసుల మధ్య దూరి, వాటిని పట్టి ఉంచిన హైడ్రోజన్ బంధాలను సడలిస్తాయి. తాత "దూప తీరడం" అన్నది ఇదే. కట్టె కణాల గోడలు తమ పొడి బరువులో సుమారు 30 శాతం వరకు నీటిని పట్టుకోగలవు. ఆపైన చేరే నీళ్లు కణాల లోపలి ఖాళీల్లో నిలుస్తాయి గాని కట్టెను ఇంకా మెత్తబరచవు.

ఇక లిగ్నిన్ సంగతి. ఇక్కడే మన తెలుగు మాట ఒకటి నాకు సాయపడింది. అద్దానికి వాడే పదార్థాన్ని గాజు అంటాం. చేతికి వేసుకునేదాన్నీ గాజు అనే అంటాం. మంచుగడ్డ సున్నా డిగ్రీల దగ్గర కరిగి నీళ్లవుతుంది. గాజు అలా కాదు. ఫలానా డిగ్రీ దగ్గర కరిగింది అని చెప్పలేం. వేడి చేసిన కొద్దీ కొంచెం కొంచెంగా మెత్తబడి, సాగి, వంగుతుంది. ఇలా బిరుసు స్థితి నుంచి మెత్తని స్థితికి మారే ఉష్ణోగ్రతను గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు. మామూలు గాజుకు ఇది 550 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులకు వాడే లక్క 70, 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.

లిగ్నిన్ కూడా ఈ జాతిదే. పొడి లిగ్నిన్ మెత్తబడాలంటే 130 నుంచి 200 డిగ్రీల దాకా వేడి కావాలి. అంత వేడిలో పలుచని పుల్ల కమిలిపోతుంది. అదే లిగ్నిన్‌కు నీళ్లు తాపితే ఆ ఉష్ణోగ్రత 100 డిగ్రీల కిందికి దిగివస్తుంది. అంటే పొయ్యి మీద మరిగే నీళ్లు చాలు. నీళ్లు ఒక్కటే ఉంటే చాలదు, వేడి ఒక్కటే ఉన్నా చాలదు. రెండూ కలవాలి. చల్లనీళ్లలో పది నిమిషాలు నానేసిన నా పుల్లలకు రెండింటిలో ఒక్కటీ సరిగా అందలేదు.

మరి ముల్లుగర్ర ఒట్టి సెగకే ఎలా వంగింది? అది అప్పుడే కొట్టి తెచ్చిన పచ్చి కర్ర. నీళ్లు లోపలే ఉన్నాయి. మా తాత దానికి వేడి ఒక్కటి కలిపాడు.

ఎందుకు విరిగింది: ఒక చిన్న లెక్క

పుల్లను వంచినప్పుడు లోపలి ముఖం కుదించుకుపోతుంది, వెలుపలి ముఖం సాగుతుంది. ఎంత సాగుతుందో తెలుసుకోవడం తేలిక. పుల్ల మందాన్ని, అది వంగిన వలయం వ్యాసంతో భాగిస్తే చాలు.

మా ల్యాబులో స్క్రూగేజీతో కొలిస్తే పుల్ల మందం 1.6 మిల్లీమీటర్లు వచ్చింది. పొడవు 150, వెడల్పు 18 మిల్లీమీటర్లు. మేం వాడిన గ్లాసు లోపలి వ్యాసం 56 మిల్లీమీటర్లు. 1.6ను 56తో భాగిస్తే 0.029. అంటే వెలుపలి ముఖం దాదాపు 2.9 శాతం సాగాలి.

పొడి కట్టె సాగగలిగింది సుమారు 1 శాతం మాత్రమే. ఆ లెక్కన విరగకుండా వంచాలంటే వలయం వ్యాసం 160 మిల్లీమీటర్లు ఉండాలి. అది చిన్న పళ్లెమంత ఉంటుంది గాని గాజు కాదు. నా పదకొండు పుల్లలూ విరగడంలో విచిత్రమేమీ లేదు. అవి విరగకపోతేనే విచిత్రం.

అయితే తడిపి కాపిన కట్టె కూడా సాగడంలో ఏమంత గొప్పది కాదు. 2 శాతం దగ్గరికి వస్తుందేమో, అంతే. దాని గొప్పతనమంతా కుదించుకుపోవడంలో ఉంది. వేడి నీటితో మెత్తబడిన కట్టె 20, 30 శాతం దాకా కుదించుకుపోయినా పగలదు. కాబట్టి వెలుపలి ముఖాన్ని ఎక్కువ సాగనీయకుండా పట్టుకుని, లోపలి ముఖం కుదించుకుపోయేలా చేయడమే వంచడంలో ఉన్న నేర్పు. పుల్ల వెలుపలి వైపు ఒక గుడ్డ పేలికను బిగించి పట్టి వంచితే విరగడం తగ్గేది ఇందుకే.

తాత పనిలో కూడా ఈ లెక్క ఉంది. ఆయన బద్దను ఒక మిల్లీమీటరుకు దగ్గరగా చీల్చుతాడు. మందం తగ్గితే సాగవలసింది తగ్గుతుంది. ఇక బద్ద పైతొక్క ఎప్పుడూ వెలుపలి వైపే ఉండేట్టు వంచుతాడు. వెదురులో బలమైన పోగులు లోపలి వైపు కంటే తొక్క దగ్గర ఒత్తుగా ఉంటాయి. సాగే వైపు ఆ బలం ఉండాలి. ఇది ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

చేసే పద్ధతి

ఇక స్వయంగా చేసి చూడదలచిన వారి కోసం మా పద్ధతి రాస్తున్నాను. చిన్నపిల్లలు చేస్తే పొయ్యి దగ్గర పెద్దవాళ్లు ఉండాలి.

ఒకటి. పుల్లను ఏరుకోవాలి. పుల్ల మీది గీతలు ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా పోవాలి. గీతలు పక్క అంచుకు జారిపోయిన పుల్ల అక్కడే చీలుతుంది. ముడి ఉన్నదీ పనికిరాదు. ఒక ప్యాకెట్టులో సగం పుల్లలు ఇక్కడే పక్కకు పోతాయి. సన్న పుల్లల పొడవు 114 మిల్లీమీటర్లే కాబట్టి అవి చిన్నపిల్లల చేతికే సరిపోతాయి. పెద్దవాళ్లకు వెడల్పు పుల్లలు కావాలి.

రెండు. నానేయాలి. ఒక రాత్రంతా నానితే మంచిది. పుల్లలు తేలిపోతాయి కాబట్టి మీద ఒక పళ్లెం బోర్లించాలి. పుల్ల మందం రెండింతలైతే నీళ్లు నడిమధ్యకు చేరడానికి నాలుగింతల సమయం పడుతుంది. మందం కట్టె తీసుకున్నవారు ఇది గుర్తుంచుకోవాలి.

మూడు. ఉడకబెట్టాలి. మరిగే నీళ్లలో అరగంట. ఆవిరితో కట్టె వంచేవారు అంగుళం మందానికి గంట అని ఒక లెక్క పెట్టుకుంటారు. దాని ప్రకారం మన పుల్లకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. కాని ఎండిన పుల్లకు నీళ్లు బాగా పట్టడానికి అరగంట ఉంచడమే క్షేమం.

నాలుగు. వంచాలి. ఒక్కొక్క పుల్లనే బయటికి తీయాలి. పలుచనిది కాబట్టి నిమిషం లోపలే చల్లారిపోతుంది. రెండు కొసలు పట్టి ఒక్కసారిగా వంచకూడదు. బొటనవేళ్లు నడుమ ఆనించి, కొంచెం కొంచెంగా జరుపుతూ పొడవునా వంపు తేవాలి. పట పట చప్పుడు వస్తే ఆగి మళ్లీ నీళ్లలో వేయాలి. సగం వంపు వచ్చాక గ్లాసు లోపలికి దింపితే పుల్ల తనంతట తానే గోడకు అంటుకుంటుంది.

ఐదు. పట్టి ఉంచాలి. నీడలో రెండు రోజులు. త్వరగా ఆరాలని ఎండలో పెడితే పైముఖం ముందు ఎండి పగులుతుంది. వానకాలంలో ముసురు పడితే ఇంకో రోజు ఉంచాలి, బూజు పట్టకుండా గాలి తగలనివ్వాలి. చల్లారినప్పుడు లిగ్నిన్ గట్టిపడుతుంది. కాని ఆరినప్పుడే హైడ్రోజన్ బంధాలు కొత్త చోట మళ్లీ ముడిపడతాయి. చల్లారింది గదా అని తడి మీద బయటికి తీస్తే తెరుచుకుంటుంది. "అది ఎన్కటిది మర్చిపోయేదాంక పట్టుకో" అన్న తాత మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ఆరు. ఎంత పట్టి ఉంచినా, తీశాక వలయం కొంచెం విచ్చుకుంటుంది. అందుకని కావలసిన సైజు కంటే చిన్న గ్లాసు తీసుకోవాలి. గాజుల సైజులు మన ఆడవాళ్లందరికీ తెలుసు. "రెండు ఆరు" అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, అంటే 60 మిల్లీమీటర్ల వ్యాసం. మా చెల్లె సైజు అదే. 56 మిల్లీమీటర్ల గ్లాసులో ఆరిన పుల్ల విచ్చుకుని దానికి సరిపోయింది. 60 వ్యాసానికి చుట్టుకొలత 188. పుల్ల పొడవు 150. మిగిలిన 38 మిల్లీమీటర్ల సందులోంచి మణికట్టును పక్కగా దూర్చాలి.

ఏడు. ఉప్పు కాగితంతో అంచులు నునుపు చేసి, రంగు వేసి, పైన వార్నిష్ పూయాలి. వార్నిష్ అందానికే కాదు. నీళ్లు మళ్లీ లోపలికి పోకుండా అదే కాపలా.

ఈసారి పన్నెండు పుల్లల్లో తొమ్మిది గాజులయ్యాయి.

థోనెట్ కుర్చీ, కాగజ్‌నగర్ కాగితం

ఇదంతా పిల్లల ఆట అనుకునే మిత్రులకు ఒకటి రెండు సంగతులు చెబుతాను.

జర్మనీలో పుట్టి 1842లో వియన్నా చేరిన మైకేల్ థోనెట్ అనే వడ్రంగి, బీచ్ కట్టెను ఆవిరిలో మెత్తబరచి వంచి కుర్చీలు చేశాడు. మందమైన కట్టె వంచితే వెలుపలి ముఖం పగులుతున్నదని, అటువైపు ఒక ఇనుప పట్టీ బిగించి వంచాడు. అప్పుడు కట్టె సాగకుండా లోపలికి కుదించుకుపోయింది. మనం పుల్లకు పట్టిన గుడ్డ పేలిక చేసే పని అదే. 1856లో ఆయనకు దీనిపై హక్కుపత్రం వచ్చింది. 1859లో వచ్చిన 14వ నంబరు కుర్చీ ఆరు వంపు ముక్కలు, పది మరలు, రెండు నట్లతో తయారయ్యేది. విడగొడితే ఒక ఘనపు మీటరు పెట్టెలో ముప్పై ఆరు కుర్చీలు పట్టేవి. లక్షల సంఖ్యలో అమ్ముడుపోయిన కుర్చీ అది.

మన దగ్గరికి వస్తే, పాత ఆదిలాబాద్ జిల్లా కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు ఉంది. ఆ అడవుల వెదురును నమ్ముకుని పెట్టిన మిల్లు. 1942లో కాగితం తీయడం మొదలైంది. 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకుంది. మనం లిగ్నిన్‌ను మెత్తబరచి మళ్లీ గట్టిపడనిస్తే, కాగితం మిల్లుల్లో దాన్ని రసాయనాలతో ఉడికించి బయటికే పంపేస్తారు. మిగిలిన సెల్యులోజ్ పోగులే కాగితం. లిగ్నిన్ తీయని చవక కాగితం వెలుతురుకు పచ్చబడుతుంది. పాత దినపత్రికలు అలా అయ్యేది అందుకే. ఒకే వెదురు తాత చేతిలో గుల్ల అవుతుంది, మిల్లులో కాగితం అవుతుంది. తేడా లిగ్నిన్ ఉండటంలో, పోవడంలో ఉంది.

మన కరీంనగర్ వెండి తీగ పని కూడా వంచే విద్యే. అయితే లోహం దారి వేరు. తీగ లాగిన కొద్దీ, వంచిన కొద్దీ వెండి బిరుసెక్కుతుంది. మళ్లీ కాల్చి మెత్తబరిస్తే తప్ప పని సాగదు. అక్కడ నీళ్లతో పని లేదు, వేడి ఒక్కటే చాలు. ఏ పదార్థానికి ఏది కావాలో తెలుసుకుని అది ఇవ్వడమే పనితనం.

ప్రదర్శన రోజు

ప్రదర్శన రోజున నేను కూడా బడికి పోయాను. చెల్లె బల్ల మీద రంగులేసిన గాజులు పేర్చి, పక్కన మట్టి మెత్తిన చిన్న తడక ముక్క పెట్టింది. అది తన ఆలోచనే. చూడవచ్చిన ఒక సారు గాజును తిప్పి చూసి, "బాగుంది గాని ఇది చేతిపని. ఇందులో సైన్సు ఏముంది?" అని అడిగారు.

నేను నోరు తెరవబోయాను. చెల్లె నాకు అవకాశం ఇవ్వలేదు. వార్నిష్ పూయని గాజు ఒకటి తీసి వేడినీళ్ల గిన్నెలో వేసింది. కొద్దిసేపటికి గాజు మెల్లమెల్లగా విచ్చుకోసాగింది. పిల్లలందరూ గిన్నె మీదికి వంగారు. పూర్తిగా తిన్నగా కాలేదు గాని, అది గాజు అని ఎవరూ అనలేనంతగా తెరుచుకుంది. "మనం పట్టి ఉంచినం కాబట్టి వంగి ఉన్నది సార్. నీళ్లు, వేడి మల్ల దొరికితే దానికి పాతది యాదికొస్తది" అన్నది. బహుమతి రాలేదు. పక్క బల్ల మీది జలవిద్యుత్ కేంద్రానికి వచ్చింది. సారు మాత్రం రెండు పుల్లలు అడిగి తీసుకుపోయారు.

నేను ఆ గిన్నెను చూస్తూ వేరే విషయం ఆలోచించాను. "మానై వంగునా" అన్న ప్రశ్నకు నా దగ్గర ఇప్పుడు జవాబు ఉంది. వంగుతుంది. చెట్టు నుంచి కోసి, చీల్చి, ఎండబెట్టి, ప్యాకెట్టులో కట్టి అమ్మిన పుల్ల కూడా వంగుతుంది. ముందు దానికి దూప తీరాలి, వేడి అందాలి, తర్వాత ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. పది నిమిషాలు చల్లనీళ్లలో ముంచి, విరిగితే కట్టెది తప్పు అన్నది నేనే. మన తరగతుల్లో వెనక బెంచీల మీద తెలుగు మీడియం నుంచి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రతి ఏడూ వచ్చి కూర్చుంటున్నారు. మొదటి నెలలోనే వంగలేదని వాళ్లను లెక్కలోంచి తీసేయకండని సీనియర్లకూ, గురువులకూ నా మనవి. నాకు ఇంటర్ రెండో ఏట ఒక సారు సాయంత్రాలు ఉండి తెలుగులో మళ్లీ చెప్పారు. నేను ఇక్కడిదాకా రావడం అందువల్లనే.

ప్రదర్శన అయ్యాక చెల్లె ఒక గాజును తాతకు చూపించింది. ఆయన కొడుకు మస్కట్‌లో ఉన్నాడు. ఊళ్లో ప్లాస్టిక్ తట్టలు వచ్చాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఏరు అవతలి నుంచి వచ్చే వెదురు ధర పెరిగింది. తన తర్వాత మా వాడకట్టులో బద్ద చీల్చేవాళ్లు లేరు. గాజును వేలికి తగిలించి ఇటూ అటూ తిప్పి, "మంచిగనే వంగింది. గని గింజలు వోస్తే నిలువయ్ గద బిడ్డా" అని నవ్వాడు. తర్వాత నా వైపు చూసి, "ఎండకాలం సెలవులకు రా. గుల్ల అల్లుడు చూపెడత" అన్నాడు.

పోయాను. పుల్ల వంచడం కంటే అది చాలా కష్టం. ఎండకాలమంతా కూర్చుంటే ఒక గుల్ల అడుగు వరకు వచ్చింది. అంచు కట్టడం ఇంకా రాలేదు. వచ్చే సెలవుల్లో మళ్లీ పోవాలి.